బ్రేకుల్లేని సైకిల్ మీద అబ్బా

ఖానాపూర్,
నవంబర్ 3, 2024

చెల్లె షహర్ బానోకు అన్న అజీముద్దీన్ సలాం.

ఇక్కడ నా మోకాళ్లు తప్ప అందరూ బాగున్నారు. నీ కండ్ల సంగతి తెలిసింది. ఆపరేషన్‌కు భయపడుతున్నావట. చిన్నప్పుడు తేలు కుడితే ఏడవనిదానివి, ఇప్పుడేం భయం? చేయించుకో.

ఈ ఉత్తరం చదివి వినిపించేది నీ కోడలే అని నాకు తెలుసు. నూరీన్, కాలేజీలో చరిత్ర చెప్తావని నా తప్పులు దిద్దుతూ కూర్చోవద్దు. నేను చదివింది మూడో తరగతి, అది కూడా ఉర్దూలో. తెలుగు అక్షరాలు లారీల వెనక చూసి నేర్చుకున్నవి. ఉన్నది ఉన్నట్టు గట్టిగా చదువు, నీ మీద రాసిన మాటలు కూడా. ఫోన్ మాత్రం చేయవద్దు. నా చెవిలో ఈగ తిరిగినట్టు ఉంటుంది గాని మాట అందదు.

పని ఏమంటే, మా బస్టాండు ముందు ఒక రాయి నిలబెడుతున్నారు. పెద్ద లడాయికి, అదే రెండో ప్రపంచ యుద్ధానికి, ఇక్కడి నుంచి పోయినవాళ్ల పేర్లు దాని మీద చెక్కిస్తారట. జనవరి ఇరవై ఆరున జెండా ఎక్కించి తెరుస్తారు. కమిటీకి పెద్దమనిషి లింగారావు. పాత పటేలు మనుమడు, తెల్ల బట్టలు, ఎప్పుడూ నోట్లో యాలక్కాయ. నేను పోయి మన అబ్బా పేరు రాయమన్నాను. గులాం దస్తగీర్, సైకిల్ పటాలం అని. హోటల్ ముందు నలుగురిలో ఏమన్నాడో విను.

“ఏ పటాలం అజీం భాయ్? దానికో పేరుండాలె గదా. గా పోశవ్వ తండ్రి గూడ లడాయికి పోయిండు, ఆయనది కాయిదం ఉన్నది, నంబరున్నది. నీ అబ్బాది ఏమున్నది?”

“ఫోటో ఉన్నది,” అన్నాను.

“ఫోటో ఉంటే పటాలం తేల్చుకొని రా. లేకుంటే చాందా పటాలమని చెక్కియ్యాల్నా?”

అందరూ నవ్వారు. చాయ్ పోసేవాడు కూడా. అబ్బా లడాయికి పోలేదని, చాందాలో జిన్నింగు మిల్లు దగ్గర ఇంకో ఆడమనిషితో సంసారం పెట్టాడని ఈ ఊరు అమ్మ బతికినన్నాళ్లూ నవ్వింది. ఇప్పుడు నన్ను చూసి నవ్వుతోంది. రాయి మీద అబ్బా పేరు పడితే ఆ నోళ్లు మూతపడతాయి. నాకు ఇంకేమీ వద్దు. అది చూసి పోతే చాలు.

పోయిన బక్రీదుకు వచ్చినప్పుడు నూరీన్ మా గోడమీది అబ్బా ఫోటోను ఫోన్‌లో తీసుకుంది. పాత ఫోటోలు చూసి ఇది ఫలానా దేశం సైకిల్ పటాలం అని తేల్చే మనుషులు ఫోన్‌లో ఉన్నారని చెప్పింది. అప్పుడు నేను నవ్వాను. ఇప్పుడు నేనే అంటున్నాను, వాళ్లను అడగమను.

నువ్వు అబ్బాను చూడలేదు. ఆయన పోయినంక పుట్టినదానివి. నేను చూశాను, నాలుగేండ్లవాణ్ణి. చంకల కింద పట్టి ఎత్తి సైకిల్ డండా మీద కూర్చోబెట్టాడు. నున్నగా గీసిన గడ్డం. ఎడమ కన్ను ఎప్పుడూ జర మూసినట్టు ఉండేది, ఆటపట్టిస్తున్నట్టు. ఫోటోలో ఎట్లా ఉన్నాడో అచ్చం అట్లానే. నన్ను చూసి జనం ‘తండ్రి ముఖమే దిగింది’ అన్నారంటే ఊకె అనలేదు.

జవాబు తొందరగా రాయించు.

అజీముద్దీన్

కరీంనగర్,
నవంబర్ 14, 2024

భాయ్‌కు షహర్ బానో సలాములు.

చెప్పేది నేను, రాసేది నూరీన్. నీ మాటలన్నీ గట్టిగానే చదివింది, ఆమె మీద రాసినవి ఇంకా గట్టిగా చదివింది. నీకు సలాం చెప్పమంటోంది.

లింగారావు మాటకు నాకు కడుపు మండింది. కానీ భాయ్, నువ్వు కూడా హోటల్ ముందరే అడగాలా? ఇంటికి పోయి అడిగితే ఏమవుతుంది? నీకు ఏది చేసినా నలుగురు ఉండాలి.

నూరీన్ ఫోటో పెట్టింది. రెండు రోజుల్లోనే జవాబులు వచ్చాయి. ఎక్కడెక్కడి వాళ్లో. ఒకాయన రిటైరైన రైలు గార్డట, ఒకామె పండ్ల డాక్టరట. వీళ్లకు ఇదే పని, పాత లడాయిలో సైకిళ్ల మీద పోయిన సిపాయిలను గుర్తుపట్టడం. చిత్రమేమంటే వాళ్లు మనిషి ముఖం చూడరు. సైకిల్ చూస్తారు, కోటు కాలర్ చూస్తారు, తుపాకీ ఏ భుజానికి వేసుకున్నాడో చూస్తారు, కాళ్లకు చుట్టిన పట్టీలు, వెనక చెట్లు, కింద బాట చూస్తారు.

“ముఖం చూడకుంట మనిషిని ఎట్ల గుర్తుపడ్తరే?” అని అడిగాను.

“మనిషిని కాదు అత్తమ్మా, పటాలాన్ని గుర్తుపట్టాలె. దానికి ముఖముండది గదా,” అంది.

ఇప్పటిదాకా వాళ్లు చెప్పింది ఇది. కోటు మందమైన ఉన్నిది, మెడ దాకా గుండీలు. చెట్లకు ఆకు లేదు. బాట ఇటుకలు పరిచినది. సైకిల్ హ్యాండిల్‌కు బ్రేకు పిడులే లేవు. పెడల్ వెనక్కి తొక్కితే ఆగే రకమట. ఆ రోజుల్లో మన దేశం నుంచి మలయా దిక్కు పోయిన సిపాయిలకు ఇట్లాంటి కోటు, ఇట్లాంటి సైకిల్ ఉండవని అంటున్నారు. ఏ దేశమో ఇంకా తేలలేదు. అసలు ఫోటో చట్రం విప్పి దగ్గర నుంచి చూడాలట.

అందుకని ఫోటో ఇటు పంపు భాయ్. రిజిస్టర్ పోస్టులో పంపితే ఎక్కడికీ పోదు. నాకు కూడా ఒక ఆశ ఉంది. దాచుకోవడం దేనికి? అమ్మ పోయినప్పుడు ఆ ఫోటో అడిగాను, ‘కొడుకు ఇంట్లో ఉండాలె’ అన్నావు. ఊరుకున్నాను. కండ్లు పూర్తిగా పోకముందు కొన్నాళ్లు నా ఇంట్లో, నా మంచం ఎదురుగా పెట్టుకుంటాను. నువ్వు మనిషినే చూశావు. నాకు ఉన్నది ఆ ఫోటో ఒక్కటే.

నీ చెల్లె,
షహర్ బానో

ఖానాపూర్,
నవంబర్ 22, 2024

బానోకు అజీముద్దీన్ రాయునది.

ఫోటో గోడ దిగదు. ఆ మాట అయిపోయింది.

నేను పటాలం పేరు అడిగితే నువ్వు కోటు గురించి రాయిస్తావా? పండ్లు పీకే ఆమెకు నా అబ్బా సంగతి ఏం తెలుసు? ఉన్ని కోటు అంటే చలికాలంలో తీసిన ఫోటో. ఆదిలాబాద్ చలి ఆమెకు తెలుసా? చెట్లకు ఆకు లేదట. టేకు చెట్టు ఆకు రాల్చదా? మాఘమాసంలో ఇటు వచ్చి అడవి చూడమను, కట్టెపుల్లల్లాగ నిలబడి ఉంటుంది. ఇటుక బాట అంటే ఏ కంటోన్మెంటులోనో పరిచి ఉంటారు. బ్రేకులు లేవట! నేను వెదురు లోడుతో బ్రేకు పోయిన లారీని నిర్మల్ ఘాట్ దించాను, గేరు మీద. నా పక్కన క్లీనరు కలిమా చదువుతున్నాడు. బ్రేకు లేకపోతే బండి కాదా, తోలినవాడు మనిషి కాదా?

నాకు ఒకటి అర్థమైంది. మీకు పటాలం తేల్చేది లేదు, ఫోటో కావాలి. అప్పుడు అమ్మ చనిపోయిన ఇంట్లోనే అడిగావు, ఇప్పుడు కోడలి చదువు అడ్డం పెట్టుకొని అడుగుతున్నావు. సూటిగా అడిగితే సూటిగా లేదంటాను.

అయినా పని ఆగవద్దని, మొబైల్ దుకాణం సాదిక్‌ను ఇంటికి పిలిచి, అద్దం తీయించి దగ్గర నుంచి ఫోటోలు తీయించాను. వాడు నూరీన్ ఫోన్‌కు పంపాడు. తీస్తూ తీస్తూ వాడేమన్నాడో తెలుసా? “తాతా, గీ ఫోటోల నువ్వు మస్తు ఉన్నవ్.” ఒరేయ్, నేను కాదురా, మా అబ్బా అన్నాను. నమ్మలేదు పోరడు. అట్లా ఉంటుంది నెత్తురు. కోటు చూసేవాళ్లకు అది ఏం తెలుస్తుంది?

లింగారావు నిన్న మళ్లీ ఎదురొచ్చాడు. యాలక్కాయ నములుతూ ఒక నవ్వు నవ్వాడు. ఆ నవ్వు మీ ఉత్తరం కన్నా నయం.

అజీముద్దీన్

కరీంనగర్,
డిసెంబర్ 5, 2024

భాయ్‌కు సలాములు.

నీ ఉత్తరం విని ఆ పూట అన్నం తినలేదు. ఫోటో నీ దగ్గరే ఉంచుకో. మళ్లీ అడగను.

పటాలం తేలింది. హాలెండ్ దేశపు సైకిల్ పటాలం అది. పెద్ద లడాయి వాళ్ల దేశానికి చేరకముందు, ఒకటి రెండేండ్ల ముందు తీసిన ఫోటో. కాలర్ మీది గుర్తు, సైకిల్ హ్యాండిల్ వంపు, ఇటుక బాట మూడూ కలిశాయట. ఈ పనిలో ఆరితేరిన వాళ్లందరూ ఒకే మాట అన్నారు, ఇందులో అనుమానం లేదని.

మిగతాది నూరీన్‌నే రాయమన్నాను, నాకు చెప్పరాదు.

మామూ, నేను నూరీన్‌ను. కోపం లేకుండా చదవండి. పటాలం హాలెండ్‌ది అన్నంత మాత్రాన దస్తగీర్ తాత అందులో చేరారని కాదు. అది కుదరదు. ఆ పటాలంలో వాళ్ల దేశం పిల్లలే ఉంటారు. సాదిక్ పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూస్తే ఇంకొకటి తెలిసింది. ఒంటి మీద వెలుగు ఎడమ దిక్కు నుంచి పడుతోంది, ముఖం మీద కుడి దిక్కు నుంచి. మెడ దగ్గర కుంచెతో దిద్దినట్టు ఉంది. పాత రోజుల్లో స్టూడియోలలో చనిపోయినవాళ్లకు ఫోటో లేకపోతే ఒకరి ఒంటికి ఇంకొకరి తల అతికించి చేసేవాళ్లు కదా. ఇది కూడా అట్లాంటిదేమో అని అనుమానం. తాత ముఖం నిజమైనదే కావచ్చు, ఆ ఒళ్లు మాత్రం ఆయనది కాదు. అంతా తేలేదాకా రాయి మీద ఏమీ చెక్కించవద్దు. అత్తమ్మ కూడా అదే అంటున్నారు.

నీ చెల్లె,
షహర్ బానో

ఖానాపూర్,
డిసెంబర్ 13, 2024

చెల్లె బానోకు, కోడలు నూరీన్‌కు దువాలు.

జీతే రహో! పోయిన ఉత్తరంలో కోపంగా రాశాను, మరిచిపో. హాలెండ్! నేను లారీ మీద నాగ్‌పూర్ దాటితేనే అమ్మ తాయెత్తు కట్టేది, ఆమె మొగుడు హాలెండ్ దాకా పోయాడు.

ఉత్తరం రాగానే హోటల్ దగ్గరికి పోయాను. నలుగురు ఉండాలి అన్నావు కదా, పది మంది ఉన్నారు.

“హాలెండా? గది యాడున్నది అజీం భాయ్?” అన్నాడు లింగారావు.

“నీకెరుక లేదా పటేలా? పట్నంల చదివినవంటివి.”

“మన ఖానాపూర్ మనిషి గా పటాలంల ఎట్ల చేరె?”

“ఇంగ్లీషోడు మనోళ్లను బర్మాల తోలిండు, ఇరాకుల తోలిండు. హాలెండ్ల తోలలేడా? నీ తాతను అడుగుదమంటే ఆయన యుద్ధానికి చందాలు వసూలు జేసుట్లనే ఉండె, తుపాకీ పట్టలే.”

అప్పుడు నవ్విన నోళ్లు ఆయన దిక్కు తిరిగి నవ్వాయి. కాయిదం చూపించమన్నాడు. నూరీన్ రాసిన ఉత్తరం మడిచి పై సగం చూపించాను. కాలేజీ మేడం చేతిరాత, ‘ఈ పనిలో ఆరితేరిన వాళ్లందరూ ఒకే మాట అన్నారు’ అని ఉంది కదా. చదివాడు, జేబులో కండ్లద్దాలు పెట్టుకున్నాడు, “సరే, రాయిస్త,” అన్నాడు. రాళ్లు చెక్కే అంతయ్యకు అక్కడికక్కడే ఫోన్ చేశాడు. గులాం దస్తగీర్, హాలెండ్ సైకిల్ పటాలం. పోశవ్వ తండ్రి పేరు కింద వస్తుంది. రేపోమాపో చెక్కుతాడు.

ఇక కింద సగం గురించి. నూరీన్, తల అతికించారు అని రాశావు. నీ తల బాగానే ఉందా? నేను కండ్లతో చూసిన మనిషి అది. అయినా నీకు సాక్ష్యం కావాలి కాబట్టి పంపుతున్నాను. ఇది నా మొదటి లారీ లైసెన్సు మీది ఫోటో. నిర్మల్‌లో దిగింది. ఇరవై రెండేండ్లప్పటిది. దీన్ని అబ్బా ఫోటో పక్కన పెట్టి నీ ఫోన్ మనుషులకు చూపించు. ఆ ముఖం అబ్బాది కాకపోతే ఈ ముఖం నాకు ఎక్కడిది? కొడుకు ముఖమే తండ్రికి సాక్ష్యం. చూసినాక ఒక్క మాట రాయించు, తప్పయింది మామూ అని.

బానో, ఆపరేషన్ చేయించుకో. రాయి తెరిచే రోజుకు నువ్వు రావాలి. నీ వేలితో పేరు తడుముకో, చూడకపోయినా సరే.

అజీముద్దీన్

కరీంనగర్,
డిసెంబర్ 24, 2024

భాయ్‌కు,

ఈ ఉత్తరం రాయించాలా వద్దా అని చాలా ఆలోచించాను. నూరీన్ వద్దంది. “ముసలాయన తట్టుకోడు అత్తమ్మా, ఊకుందాం,” అంది. కానీ నువ్వు పేరు చెక్కిస్తున్నావు. తెలిసి నేను ఊరుకుంటే, రేపు నీకు ఇంకెవరో చెప్తారు, అదీ హోటల్ ముందర.

ఆ రైలు గార్డు అసలు ఫోటో దొరకబట్టాడు. పాత కార్డు బొమ్మ. ఎనిమిది మంది సిపాయిలు వరసగా సైకిళ్ల మీద వస్తుంటారు. అదే బాట, అవే చెట్లు. మన ఫోటోలో వెనక సగం చక్రం కనిపిస్తుంది చూడు, అది వెనకవాడి సైకిల్. మన అబ్బా ఉన్నచోట ఎవరో తెల్ల పిల్లవాడు ఉన్నాడు, నవ్వుతూ.

ఆ సంగతి కూడా భరించేదాన్ని. ఒళ్లు వాళ్లది, ముఖం మనది అనుకొనేదాన్ని. కానీ నువ్వు పంపిన లైసెన్సు ఫోటోను నూరీన్ దాని మీద పెట్టి చూసింది. నాకు కూడా పెద్దగా చేసి చూపించింది, ముక్కు ఆనించి చూశాను. పోలిక కాదు భాయ్. ఒకటే. నుదుటి మీద పడ్డ వెంట్రుకల పాయ అదే, కుడి చెంప మీద వెలుగు అదే. నీ ఎడమ కన్ను ఎప్పుడూ బాగానే ఉండేది కదా. ఫోటో తీసేటప్పుడు రెప్ప వాల్చావు, ఆ ఒక్క క్షణం అట్లా పడింది. అబ్బా ఫోటోలో మూసినట్టున్న కన్ను అదే రెప్ప. తండ్రి నుంచి ముక్కు వస్తుంది, నుదురు వస్తుంది. రెప్పపాటు రాదు.

ఆ ఫోటోలో ఉన్నది నువ్వు.

ఎప్పుడు చేయించిందో కూడా ఇప్పుడు నాకు తెలుస్తోంది. నా సంబంధం మాట్లాడే రోజులు. పెండ్లికొడుకు తరఫువాళ్లు ‘పిల్ల తండ్రి ఎక్కడ?’ అని అడిగి పోయారు. ఆ వారమే అమ్మ ఒక్కతే బస్సెక్కి నిర్మల్ పోయింది, నువ్వు లైసెన్సు ఫోటో దిగిన స్టూడియో ఉన్నది అక్కడే. వాళ్లు రెండోసారి వచ్చేసరికి ఫోటో గోడ మీద ఉంది. ‘ఇన్నాళ్లూ పెట్టెలో దాచిన, చూస్తే ఏడుపొస్తదని’ అంది. నువ్వు లారీ దిగి వచ్చి ఫోటో ముందు నిలబడి ‘అవును, గిట్లనే ఉంటుండె’ అన్నావు. పెండ్లివాళ్ల ముందు ప్రమాణం చేసినట్టు చెప్పావు. నీ మాట మీదనే నా నిఖా అయింది.

అమ్మ మీద కోపం పెట్టుకోకు. ఇల్లిల్లూ నవ్వుతుంటే ఏం చేస్తుంది? పేరు సంగతి కూడా ఆలోచించాను. చెక్కినది చెక్కనీ. అబ్బా నిజంగానే లడాయికి పోయి ఉండవచ్చు. పోలేదని కూడా ఎవరికీ తెలియదు. మనం ముగ్గురం నోరు మూసుకుంటే చాలు.

నీ చెల్లె,
షహర్ బానో

ఖానాపూర్,
డిసెంబర్ 31, 2024

బానో,

అబద్ధం. నువ్వు, నీ కోడలు, ఆ గార్డు, అందరూ అబద్ధం. ఫోటో ఇవ్వలేదని ఇంత పని చేస్తారా? కార్డు మీద రాస్తున్నాను, పోస్టుమాన్ చదివినా సరే. నాకు ఉత్తరం రాయవద్దు.

అజీముద్దీన్

కరీంనగర్,
జనవరి 12, 2025

భాయ్‌కు సలాములు.

రాయవద్దన్నావు. రాయిస్తున్నాను. తిట్టదలచుకుంటే ఇంకో కార్డు రాయి, కార్డుకు భయపడేదాన్ని కాదు.

సాదిక్ నూరీన్‌కు ఫోన్ చేశాడు. నువ్వు నీ లైసెన్సు ఫోటో ఇంకో ప్రతి వెతికి పట్టుకొని వాడి దుకాణానికి పోయావట, అబ్బా ఫోటో చంకలో పెట్టుకొని. రెండూ కంప్యూటర్‌లో చూపించమన్నావట. చూసి, లేచి, చెప్పుల్లేకుండా ఇంటికి పోయావట. చెప్పులు వాడి దగ్గరే ఉన్నాయి.

నీ కోపం నాకు తెలుసు. నీ కోపం ఎవరి మీద పడినా ఫరవాలేదు, ఆ రాయి మీద పడవద్దు. నేనే ముందు వద్దన్నదాన్ని, ఇప్పుడు చేతులు పట్టుకొని అడుగుతున్నాను. పేరు ఉండనీ. నువ్వు తీయించావంటే ఊరు ఏమంటుంది? ‘చూసిండ్రా, చాందా మాటే నిజం, కొడుకే ఒప్పుకున్నడు’ అంటుంది. మొగుడు వదిలేసిన ఆడమనిషిగా అమ్మను మళ్లీ బజార్లో నిలబెడతావా? ఇంతకాలం లడాయిలో పోయినవాడి బిడ్డనని ఈ ఇంట్లో తలెత్తుకు తిరిగాను. ఇప్పుడు నేను ఎవరి బిడ్డనని చెప్పుకోవాలి?

ఒక్కసారి నా మాట విను భాయ్. జీవితంలో ఒక్కసారి.

షహర్ బానో

మామూ, నాదే తప్పు. నేను అడగకుండా ఉండాల్సింది. నూరీన్.

ఖానాపూర్,
జనవరి 30, 2025

చెల్లె షహర్ బానోకు అజీముద్దీన్ సలాం.

నూరీన్, నీ తప్పు ఏమీ లేదు. అడగమన్నది నేను. నువ్వు తేల్చావు. కార్డు మీద రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది కూడా గట్టిగా చదువు.

బానో, నీ మాట వినలేదు.

నీ ఉత్తరం అందిన మరునాడు అంతయ్య దగ్గరికి పోయాను. రాయి పడుకోబెట్టి ఉంది. అబ్బా పేరు చెక్కి ఉంది, నల్ల రంగు కూడా నింపాడు. బాగా చెక్కాడు. తీసెయ్యి అన్నాను.

“చెక్కింది తీసుడేంది తాతా? గది సుద్దతోటి రాసిందా, తుడువనీకి? రాయి గుంట పడ్తది.”

“పడనియ్యి.”

“పటేలుకు ఏం జెప్పాలె?”

“నేనే జెప్త.”

వాడే ఫోన్ చేశాడు, లింగారావు కారులో వచ్చాడు. నేను చెప్పాను. ఫోటో అబద్ధం, హాలెండ్ అబద్ధం, నీకు ఉత్తరం పై సగమే చూపించాను అని. నవ్వుతాడు అనుకున్నాను. నవ్వితే బాగుండేది. నా భుజం మీద చెయ్యి వేశాడు.

“పోనియ్యి అజీం భాయ్. ఉండనియ్యి పేరు. హాలెండ్ తీసేసి పేరొక్కటి ఉంచుదం. ఎవలడుగుతరు? నీ పెద్దతనానికి గింత గూడ చెయ్యమా?”

ఇన్నేండ్లు వాడి వెక్కిరింత మింగాను. ఆ జాలి మాత్రం గొంతు దిగలేదు. వాడు దయతలిచి ఉంచిన పేరు ఆ రాయి మీద రోజూ నాకు కనిపించాలా? బస్సు దిగిన ప్రతివాడూ చదవాలా, లింగారావు ఇచ్చిన తండ్రి అని? చెయ్యి తీసెయ్యి అన్నాను. అంతయ్య సుత్తె పట్టలేదు, పటేలు ముఖం చూశాడు. నేనే పట్టాను. రెండు దెబ్బలకు నా చెయ్యి పడిపోయింది, మూడోది వాణ్ణి కొట్టమన్నాను. కొట్టాడు.

ఇరవై ఆరున జెండా ఎక్కించారు. నేను కూడా పోయాను, తప్పించుకున్నాడు అనవద్దని. పోశవ్వ తండ్రి పేరు కింద చెయ్యంత గుంట ఉంది. అందరూ పేర్లు చదవడం మాని దాన్నే చూశారు. పక్కన ఎవడో చాందా అన్నాడు. నాకు వినపడదు అనుకున్నాడు. పెదవులు కనిపిస్తాయి కదా. నువ్వు చెప్పినట్టే అయింది. అమ్మను బజార్లో నేనే నిలబెట్టాను.

నిలబెట్టాల్సిన పని ఉందా అంటే, ఉంది. అమ్మ నా ముఖం నన్ను అడక్కుండా తీసుకుంది. నా ముఖానికే నన్ను సాక్ష్యం నిలబెట్టింది. నేను అవునన్నాను. ఆమె పక్కనే నిలబడి ఉంది అప్పుడు, కొంగుతో ఫోటో అద్దం తుడుస్తూ. ఒరేయ్ అది నువ్వేరా అని ఒక్కసారి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నాకు ఒక్కడికి చెప్తే ఏం పోయేది? చచ్చేదాకా చెప్పలేదు. ప్రతి పండుగకూ నన్ను ఆ ఫోటో ముందర నిలబెట్టి సలాం చేయించింది. ఆమె ఏమనుకుంటూ చూసేదో నాకు ఇప్పుడు తెలియదు.

ఫోటో గోడ దించాను. మేకు దగ్గర సున్నం తెల్లగా ఉంది. కండ్లు మూసుకొని అబ్బాను తెచ్చుకోవాలని చూశాను. చంకల కింద చేతులు వస్తాయి, సైకిల్ డండా వస్తుంది, చల్లగా. ముఖం దగ్గరికి పోతే నేనే ఉన్నాను, లారీ లైసెన్సులో ఉన్నట్టు. దాన్ని తోసేసి వెనక ఏముందో చూద్దామంటే ఏమీ లేదు. మీసం ఉందో లేదో తెలియదు. నల్లగా ఉండేవాడో ఎర్రగా ఉండేవాడో తెలియదు. చేతులు కూడా ఆయనవో కావో, ఎవరైనా ఎత్తుకొని ఉంటారు.

నువ్వు చిన్నప్పటి నుంచి అడిగేదానివి, అబ్బా ఎట్లుంటుండె భాయ్ అని. నీకు జ్వరం వస్తే అది చెప్తేనే మందు తాగేదానివి. నేను చెప్పేవాణ్ణి. పెద్దయ్యాక మాట మాటకు ఎత్తిపొడిచేవాణ్ణి కూడా, నువ్వు చూడలేదు, నేను చూశాను అని. ఇక అడగకు. నేను కూడా చూడలేదు.

ఫోటో రిజిస్టర్ పోస్టులో పంపాను. చట్రం పగలగొట్టలేదు, నువ్వు అడిగినది కాబట్టి. మంచం ఎదురుగా పెట్టుకుంటే పెట్టుకో, పొయ్యిలో పెడితే పెట్టు. మీ ఇంటికి వచ్చినవాళ్లు ఎవరీయన, ఎప్పుడు పోయాడు అని అడుగుతారు. ఇంకా పోలేదని చెప్పు. ఖానాపూర్‌లో ఉన్నాడు, చెవులు వినపడవని చెప్పు.

అజీముద్దీన్